ఏడేళ్ల పాత నాస్‌లో డిస్క్‌లు, ఓఎస్ రెండూ మార్చా: ముందు ఏది మార్చాలి?

మా ఇంట్లో సైనాలజీ డీఎస్218జె అనే రెండు డిస్క్‌ల నాస్ ఒకటి ఉంది. 2018లో కొన్నా. రౌటర్ పక్కన, టీవీ స్టాండ్ కింది అరలో కూర్చుని ఏడేళ్లుగా పని చేస్తూనే ఉంది. ఇంట్లో నలుగురి ఫోన్లలో తీసిన ఫొటోలు, వీడియోలు రాత్రిపూట వైఫై మీద దానిలోకి వెళ్లిపోతుంటాయి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ ఉచిత అన్‌లిమిటెడ్ స్టోరేజ్ ఆపేసినప్పుడు, ఫ్రెండ్స్ అంతా ఏ ప్లాన్ తీసుకోవాలా అని లెక్కలు వేసుకుంటుంటే నేను మాత్రం కాస్త గర్వంగానే తిరిగా.

ఆ గర్వం 2025 వేసవిలో దిగింది. ఒకే వారంలో నాస్ నుంచి రెండు మెయిల్స్ వచ్చాయి. మొదటిది, స్టోరేజ్ 90 శాతం దాటింది అని. రెండోది, ఒకటో డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు పెరుగుతున్నాయి అని. లాగిన్ అయి చూస్తే మూడో సమస్య కూడా ఎదురుగానే ఉంది: ఓఎస్ ఇంకా డీఎస్ఎమ్ 6.2 దగ్గరే ఆగిపోయి ఉంది. దానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు రావడం కూడా ఆగిపోయింది. "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం" అని ఏళ్ల తరబడి వాయిదా వేసింది నేనే.

మూడు సమస్యలు ఒకేసారి కనిపిస్తే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. ఆదివారం పొద్దున్నే కూర్చుని కొత్త డిస్క్‌లు బిగించి, ఓఎస్ అప్‌డేట్ కొట్టేసి, సాయంత్రానికి పని ముగించేద్దాం అని. నేనూ అలాగే అనుకున్నా. చివరికి ఈ పనికి మూడు వారాలు పట్టింది. ఆలస్యం అయినందుకు ఇప్పుడు సంతోషంగానే ఉంది, ఎందుకో కింద చెప్తా.

అసలు ఓఎస్ ఎక్కడ ఉంటుంది?

ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఫోన్ లోపలి మెమరీలోనే ఉంటుంది కాబట్టి, నాస్‌లో కూడా ఓఎస్ ఆ తెల్ల డబ్బాలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. సైనాలజీలో అలా కాదు. డబ్బాలో ఉన్న చిన్న ఫ్లాష్ చిప్‌లో బూట్ అవ్వడానికి కావాల్సిన సరంజామా మాత్రమే ఉంటుంది. అసలు డీఎస్ఎమ్ మీరు బిగించిన హార్డ్ డిస్క్‌ల మీదే ఇన్‌స్టాల్ అవుతుంది. అదీ ఏదో ఒక డిస్క్ మీద కాదు, ప్రతి డిస్క్ మీదా. ఒక్కో డిస్క్ మొదట్లో కొన్ని జీబీల చిన్న పార్టిషన్ తీసుకుని, అన్నింటి మీదా అదే కాపీ రాసి పెడుతుంది. మీ ఫొటోలు ఉండే పార్టిషన్ దాని తర్వాత వస్తుంది.

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా ప్లాన్ అంతా దానంతట అదే తేలిపోతుంది. ఒక డిస్క్ తీసేసినా ఓఎస్ పోదు, రెండో దాని మీద ఉంటుంది. కొత్త డిస్క్ పెట్టి రిపేర్ కొడితే ఫొటోలతో పాటు ఓఎస్ కూడా దాని మీదకి కాపీ అవుతుంది. రెండు డిస్క్‌లూ ఒకేసారి తీసేసి రెండు కొత్తవి పెడితే మాత్రం మీ చేతిలో ఉండేది ఖాళీ డబ్బా. మొదటి నుంచి సెటప్ చేసుకోవాలి. ఇంకో కోణం కూడా ఉంది. డిస్క్ ఆరోగ్యం బాగోకపోతే ఓఎస్ అప్‌డేట్ కూడా ఆ జబ్బు డిస్క్ మీదే రాయాలి, దాని నుంచే రీబూట్ అవ్వాలి.

కాబట్టి "ముందు ఏది" అనే ప్రశ్నకి నా సమాధానం ఇది. డిస్క్‌లు రెండూ ఆరోగ్యంగా ఉంటే ముందు ఓఎస్ అప్‌డేట్ చేసి, ఓ వారం వాడి చూసి, అప్పుడు డిస్క్‌లు మార్చండి. ఏ ఒక్క డిస్క్ మీద అనుమానం ఉన్నా ముందు డిస్క్‌లు, తర్వాతే ఓఎస్. రెండూ ఒకే రోజు మాత్రం వద్దు. ఏదైనా తేడా కొడితే అది డిస్క్ వల్లా, అప్‌డేట్ వల్లా అనేది తేల్చుకోలేక జుట్టు పీక్కోవాల్సి వస్తుంది.

వీటన్నింటి కంటే ముందు ఇంకో పని ఉంది. నేను దాదాపు బోల్తా పడింది అక్కడే.

బ్యాకప్ ఉందనుకున్నా

రెండు డిస్క్‌లలో ఒకటే డేటా ఉంటుంది కదా, ఇంకా బ్యాకప్ ఎందుకు అని అడుగుతారు. మిర్రర్ కాపాడేది ఒక్క ప్రమాదం నుంచే: ఒక డిస్క్ చచ్చిపోవడం. మీరు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అది రెండు డిస్క్‌ల నుంచీ ఒకే క్షణంలో పోతుంది. ర్యాన్సమ్‌వేర్ వస్తే రెండూ ఒకేసారి లాక్ అవుతాయి. పైగా నా రెండు డిస్క్‌లూ ఒకే రోజు, ఒకే షాపులో కొన్నవి. రెండింటి వయసూ ఒకటే. ఒకే వేడిలో, ఒకే వైబ్రేషన్‌లో, ఒకే కరెంటు మీద దాదాపు 58 వేల గంటలు తిరిగాయి. ఒకటి పోయే వయసు వచ్చిందంటే రెండోది కూడా అక్కడికి దగ్గర్లోనే ఉన్నట్టు.

రీబిల్డ్ అంటే ఏంటో ఒక్కసారి ఊహించుకోండి. కొత్త డిస్క్ పెట్టగానే, మిగిలిన ఆ ముసలి డిస్క్‌ని మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఆపకుండా చదవాలి. మామూలు రోజుల్లో ఎవరూ ముట్టుకోని మూలలు కూడా చదవాలి. 2019 టూర్ వీడియో ఉన్న చోట ఎప్పుడో ఒక సెక్టార్ పాడై ఉంటే అది బయటపడేది సరిగ్గా అప్పుడే, అంటే పక్కన రెండో కాపీ లేని సమయంలో. పాత నాస్ జీవితంలో అన్నింటికంటే ప్రమాదకరమైన గంటలు డిస్క్ మార్చే గంటలే.

నాకు బ్యాకప్ ఉంది. హైపర్ బ్యాకప్ అనే యాప్‌తో నెలకోసారి ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మీదకి తీస్తున్నా. ప్రతిసారీ "సక్సెస్" అని పచ్చ టిక్ వస్తోంది. అయినా ఈసారి ఎందుకో ఒక్కసారి రీస్టోర్ చేసి చూద్దామనిపించింది. హైపర్ బ్యాకప్ తీసే కాపీ మామూలు ఫోల్డర్‌లా ఓపెన్ కాదు. దానికి హైపర్ బ్యాకప్ ఎక్స్‌ప్లోరర్ అనే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేసుకోవాలి. వేసుకుని తెరిచా. సినిమాలు ఉన్నాయి. పాటలు ఉన్నాయి. నా డాక్యుమెంట్లు ఉన్నాయి. అమ్మ ఫోన్ ఫొటోలు ఎక్కడా లేవు. నాన్నవి లేవు. చెల్లివి లేవు. నావి కూడా లేవు.

తప్పు నాదే. ఫోన్ల నుంచి వచ్చే ఫొటోలు మూమెంట్స్ యాప్ ద్వారా ఒక్కొక్కరి సొంత హోమ్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఆ హోమ్ ఫోల్డర్లన్నీ "హోమ్స్" అనే ఒక షేర్డ్ ఫోల్డర్ లోపల ఉంటాయి. బ్యాకప్ టాస్క్ పెట్టినప్పుడు నేను ఫొటో, వీడియో, మ్యూజిక్ అనే ఫోల్డర్లకి టిక్ పెట్టా, హోమ్స్‌కి పెట్టలేదు. "ఫొటో" అని పేరున్న ఫోల్డర్ టిక్ చేశా కదా, ఫొటోలు వచ్చేస్తాయి అనుకున్నా. ఆ ఫోల్డర్‌లో ఉన్నది కెమెరాతో తీసిన పాత ఆల్బమ్‌లు మాత్రమే. ఏళ్ల పాటు పచ్చ టిక్ చూస్తూ సంతోషించా. ఆ టిక్ అబద్ధం చెప్పలేదు, నేను అడిగింది అది సక్సెస్‌ఫుల్‌గానే చేసింది.

అమ్మ ఫోల్డర్‌లో మా అమ్మమ్మ చివరి రెండేళ్ల వీడియోలు ఉన్నాయి. అమ్మ ఫోన్ రెండుసార్లు మారింది, వాట్సాప్‌లో పంపుకున్నవి ఎప్పుడో ఎక్స్‌పైర్ అయ్యాయి. ఆ వీడియోలు ఈ భూమ్మీద ఉన్నది ఆ రెండు ముసలి డిస్క్‌ల మీద మాత్రమే. అందులో ఒకటి ఇప్పటికే బ్యాడ్ సెక్టార్లు చూపిస్తోంది. ఆ ఆదివారం నేను అనుకున్నట్టే డిస్క్ లాగేసి ఉంటే, అంతా ఒక్క డిస్క్ మీద ఆధారపడి ఉండేది. అమ్మకి రెయిడ్ గురించి చెప్పబోతే, "అదంతా నాకెందుకురా, అమ్మమ్మ వీడియోలు ఉన్నాయా లేవా అది చెప్పు" అంది. ఉన్నాయి అని చెప్పా. ఎంత ధైర్యంగా చెప్పానో నాకే తెలుసు.

ఆ రాత్రే ఇంకో పెద్ద యూఎస్‌బీ డిస్క్ తెప్పించి రెండు రకాలుగా కాపీ తీశా. ఒకటి హోమ్స్‌తో సహా హైపర్ బ్యాకప్. రెండోది, కుటుంబం ఫొటోల వరకు మామూలు ఫైల్ కాపీ, ఏ ల్యాప్‌టాప్‌కి పెట్టినా నేరుగా ఓపెన్ అయ్యేలా. తర్వాత ఒక్కో ఫోల్డర్ నుంచి కొన్ని ఫైళ్లు తీసి ప్లే చేసి చూశా. మీరు ఈ ఆర్టికల్ నుంచి ఒక్క పనే చేస్తే, ఇప్పుడే మీ బ్యాకప్ తెరిచి ఇంట్లో అందరికంటే తక్కువ టెక్నాలజీ వాడే మనిషి ఫొటోలు అందులో ఉన్నాయో లేదో చూడండి.

ఏ డిస్క్ ముందు చస్తుంది?

తర్వాతి పని డిస్క్‌ల పరీక్ష. స్టోరేజ్ మేనేజర్‌లో స్మార్ట్ టెస్ట్ అని ఉంటుంది. క్విక్ టెస్ట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, దాని వల్ల ఉపయోగం తక్కువ. ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టండి. అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. నా 2 టీబీ డిస్క్‌కి దాదాపు ఐదు గంటలు పట్టింది. రెండే డిస్క్‌ల మిర్రర్, అదీ ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ ఉన్న నాలాంటి పాత బాక్స్‌లలో డేటా స్క్రబ్బింగ్ అనే సౌకర్యం ఉండదు. కాబట్టి ఆ ముసలి డిస్క్ మొత్తం చదవగలదా లేదా అని ముందుగా తెలుసుకోవడానికి ఈ టెస్టే దిక్కు.

రిపోర్ట్‌లో పాతిక లైన్లు కనిపిస్తాయి. మూడు చూస్తే చాలు: 5వ నంబర్ రీఅలోకేటెడ్ సెక్టార్స్, 197 పెండింగ్ సెక్టార్స్, 198 అన్‌కరెక్టబుల్. మొదటిది డిస్క్ ఇప్పటికే వదిలేసి, స్పేర్ సెక్టార్లతో భర్తీ చేసుకున్నవి. 197 చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. అంకె ఎంత అన్నదాని కంటే అది పెరుగుతోందా అన్నదే ముఖ్యం. నా ఒకటో డిస్క్‌లో 197 విలువ మొదటి రోజు 8, రెండు రోజుల తర్వాత 24. రెండో డిస్క్‌లో మూడూ సున్నా, ఎక్స్‌టెండెడ్ టెస్ట్ కూడా పాస్. ఊపిరి పీల్చుకున్నా. జబ్బుపడిన ఒకటో దాన్ని ముందు తీసేసి, ఆరోగ్యంగా ఉన్న రెండో దాని నుంచి రీబిల్డ్ చెయ్యొచ్చు.

రెండూ జబ్బుపడి ఉంటే? రీబిల్డ్ జోలికే వెళ్లొద్దంటా. బ్యాకప్ పరీక్షించుకుని, రెండు కొత్త డిస్క్‌లు పెట్టి, ఫ్రెష్‌గా కొత్త ఓఎస్ ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసుకోవడమే శుభ్రమైన దారి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు మళ్లీ సెట్ చేసుకునే విసుగు ఉంటుంది అంతే.

డిస్క్ కొనేటప్పుడు

సికింద్రాబాద్ సీటీసీలో ఒక షాపులో 4 టీబీ నాస్ డిస్క్ అడిగితే సీసీటీవీ డీవీఆర్‌లలో వేసే సర్వైలెన్స్ డిస్క్ తీసి చూపించారు. "ఇది కూడా 24 గంటలూ తిరిగేదే అన్నా" అన్నాడు కుర్రాడు. తిరుగుతుంది, నిజమే. కానీ దాన్ని ట్యూన్ చేసింది కెమెరాల వీడియో ఆగకుండా రాయడానికి. నాస్ డిస్క్‌కీ మామూలు డెస్క్‌టాప్ డిస్క్‌కీ మధ్య తేడా కూడా ఇలాంటిదే. ఒక సెక్టార్ చదవలేకపోతే డెస్క్‌టాప్ డిస్క్ చాలాసేపు మొండిగా ప్రయత్నిస్తుంది. ఆ లోపు రెయిడ్ సిస్టమ్ "ఈ డిస్క్ పోయింది" అనుకుని దాన్ని బయటికి తోసేసే ప్రమాదం ఉంది. నాస్ డిస్క్ ఏడు సెకన్లు, ఆ చుట్టుపక్కల ప్రయత్నించి, కాలేదని చెప్పేస్తుంది. అప్పుడు పక్క డిస్క్ నుంచి ఆ డేటా తెచ్చుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద తేడా సీఎమ్ఆర్, ఎస్ఎమ్ఆర్ అనే రెండు పేర్లలో ఉంది. పెంకుటిల్లు కప్పు చూశారుగా, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. ఎస్ఎమ్ఆర్ డిస్క్‌లో డేటా ట్రాక్‌లు అలా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తారు. తక్కువ చోటులో ఎక్కువ డేటా పడుతుంది. చదవడానికి ఇబ్బంది లేదు. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఎక్కిన వరసంతా లేపి మళ్లీ పేర్చాలి కదా, ఇక్కడ కూడా ఒక ట్రాక్ మార్చి రాయాలంటే పక్కవాటిని మళ్లీ రాయాలి. చిన్న చిన్న ఫైళ్లు అప్పుడప్పుడు రాస్తే డిస్క్ తీరిక వేళల్లో ఆ పని చేసేసుకుంటుంది. రీబిల్డ్‌లో తీరిక ఎక్కడిది? గంటల తరబడి ఆపకుండా రాస్తూనే ఉండాలి. స్పీడ్ పడిపోతుంది, ఒక్కోసారి డిస్క్ స్పందించక రెయిడ్ నుంచి బయటపడుతుంది. సీఎమ్ఆర్‌లో ట్రాక్‌లు విడివిడిగా పక్కపక్కనే ఉంటాయి, ఈ గొడవ ఉండదు.

2020 ఏప్రిల్‌లో ఇది పెద్ద వివాదమైంది. నాస్ కోసమని అమ్మే వెస్టర్న్ డిజిటల్ రెడ్ సిరీస్‌లో 2 నుంచి 6 టీబీ మధ్య కొన్ని మోడల్స్ ఎస్ఎమ్ఆర్ అని అప్పుడు బయటపడింది, కంపెనీ ఒప్పుకుంది. ఆ తర్వాత సీఎమ్ఆర్ డిస్క్‌లకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. కాబట్టి ఇప్పుడు కొనేటప్పుడు "రెడ్" అని ఉంటే సరిపోదు, "రెడ్ ప్లస్" అని ఉండాలి. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్, తోషిబాలో ఎన్300 సీఎమ్ఆరే. డబ్బా మీద పేరు కంటే డిస్క్ లేబుల్ మీద మోడల్ నంబర్‌ని నమ్మండి, కంపెనీ సైట్‌లో ఆ నంబర్ వెతికి చూడండి. ఉదాహరణకి 4 టీబీ రెడ్‌లో మోడల్ నంబర్ చివర ఈఎఫ్ఏఎక్స్ అని ఉంటే అది ఎస్ఎమ్ఆర్.

నేను ఆన్‌లైన్‌లో ఇద్దరు వేర్వేరు సెల్లర్ల దగ్గర ఒక్కోటి కొన్నా. రెండూ ఒకే బ్యాచ్‌వి అవ్వకూడదని. వచ్చినవాటిలో ఒకటి నాస్‌కి పెట్టే ముందు యూఎస్‌బీ అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి స్మార్ట్ రిపోర్ట్ చూస్తే పవర్ ఆన్ అవర్స్ 11 వేల పైచిలుకు! సీల్డ్ ప్యాక్‌లో వచ్చిన కొత్త డిస్క్ అప్పటికే ఏడాదికి పైగా ఎక్కడో తిరిగి వచ్చింది. స్క్రీన్‌షాట్‌లు పెట్టి రిటర్న్ చేసేశా, డబ్బులు వెనక్కి వచ్చాయి. ఆ అంకెను కూడా పూర్తిగా నమ్మలేం. 2025 మొదట్లో యూరప్ మార్కెట్లో వాడేసిన సీగేట్ డిస్క్‌ల స్మార్ట్ లెక్కలు చెరిపేసి కొత్తవిగా అమ్మిన సంగతి బయటికొచ్చింది. ఫార్మ్ అనే ఇంకో అంతర్గత లాగ్‌లో అసలు గంటలు దొరకడంతో అవి పట్టుబడ్డాయి. సీగేట్ డిస్క్ అయితే స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4, ఆపై వెర్షన్‌తో ఆ లాగ్ చూడొచ్చు. దీంతో పాటు సీరియల్ నంబర్ కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడటం కూడా అలవాటు చేసుకోండి.

డిస్క్ మార్పిడి

డీఎస్218జెలో డిస్క్‌లు ముందు నుంచి లాగే ట్రేలలో ఉండవు. షట్ డౌన్ చేసి, కవర్ పక్కకి జరిపి, స్క్రూలు విప్పి తీయాలి. అందుకే ఏది ఒకటో డిస్క్, ఏది రెండోది అన్నది కంటిచూపుతో తేల్చకండి. స్టోరేజ్ మేనేజర్‌లో ఒకటో డిస్క్ సీరియల్ నంబర్ కాగితం మీద రాసుకుని, డిస్క్ లేబుల్ మీద అదే నంబర్ చూసుకుని తీశా. పొరపాటున ఆరోగ్యంగా ఉన్నదాన్ని తీసేసి రీబిల్డ్ మొదలుపెడితే, జబ్బు డిస్క్ నుంచి కాపీ చేయించినట్టే.

ఆన్ చెయ్యగానే నాస్ గట్టిగా బీప్ కొడుతుంది. కంగారు పడక్కర్లేదు, మిర్రర్‌లో ఒకటి లేదని చెప్తోంది. స్టోరేజ్ మేనేజర్‌లో రిపేర్ కొట్టి కొత్త డిస్క్ చూపిస్తే పని మొదలవుతుంది. సెకనుకి 100 ఎంబీ చొప్పున వేసుకుంటే 2 టీబీకి ఐదున్నర గంటలు. నాకు ఏడు గంటలకి దగ్గర పట్టింది. ఈ ఏడు గంటలూ కరెంటు పోకూడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవద్దు. అది స్విచ్ అయ్యే ఆ చిన్న గ్యాప్‌లో కొన్ని పరికరాలు రీస్టార్ట్ అవుతాయి. నేను కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ తెచ్చి నాస్‌కి పెట్టా. యూఎస్‌బీ కేబుల్ ఉన్న యూపీఎస్ అయితే బ్యాటరీ అయిపోయేలోపు నాస్ తనంతట తానే సేఫ్‌గా ఆగేలా సెట్ చెయ్యొచ్చు.

మొదటి రీబిల్డ్ అయ్యాక నాలుగు రోజులు అలాగే వదిలేశా. కొత్త డిస్క్‌కి కూడా ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పెట్టా. హార్డ్ డిస్క్‌లు వృద్ధాప్యంలోనే కాదు, పుట్టిన కొత్తలో కూడా ఎక్కువగా పోతాయి. అప్పుడు రెండోది మార్చా, మళ్లీ అదే తంతు. సైనాలజీ హైబ్రిడ్ రెయిడ్ పెట్టుకుని ఉంటే, రెండు డిస్క్‌లూ పెద్దవి అయ్యేదాకా కొత్త చోటు కనిపించదు. ఒకటే మార్చి "4 టీబీ పెట్టా, 2 టీబీయే చూపిస్తోంది" అని భయపడకండి. రెండోది పూర్తయ్యాక మిగిలిన భాగం కూడా కలిసి స్టోరేజ్ పెరిగింది. 4 టీబీ డిస్క్ 3.6 టీబీగా కనిపించడం లెక్కల తేడా: తయారీదారుడు వెయ్యితో లెక్కిస్తాడు, డీఎస్ఎమ్ 1024తో లెక్కిస్తుంది.

ఇక్కడ ఒక బోనస్ ఉంది. రెండోసారి బయటికి తీసిన ఆ ఆరోగ్యమైన పాత డిస్క్‌లో ఆ రోజు వరకు ఉన్న మొత్తం డేటా అలాగే ఉంది. ఉబుంటు ఉన్న పీసీకి పెట్టి దాన్ని చదవొచ్చు, ఆ పద్ధతి సైనాలజీయే తన హెల్ప్ పేజీలో ఇస్తుంది. వెంటనే ఫార్మాట్ చేసి వేరే పనికి వాడేయకండి.

చివరికి ఓఎస్

సెక్యూరిటీ ప్యాచ్‌లు లేని నాస్‌తో ఏమవుతుందో చెప్పడానికి పాత ఉదాహరణలు చాలు. 2014 ఆగస్టులో సైనోలాకర్ అనే ర్యాన్సమ్‌వేర్ సైనాలజీ నాస్‌లలో ఫైళ్లు లాక్ చేసి డబ్బులు అడిగింది. అది వాడుకున్న లోపానికి ప్యాచ్ అంతకు ముందు డిసెంబర్‌లోనే వచ్చింది, అప్‌డేట్ చెయ్యనివాళ్లే దొరికిపోయారు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ వాడేవాళ్లు నిద్ర లేచేసరికి వాటిలో డేటా మొత్తం ఖాళీ. ఆ మోడల్‌కి 2015 తర్వాత అప్‌డేట్లే లేవు.

అయినా డీఎస్ఎమ్ 6 నుంచి 7కి వెళ్లేముందు రెండు నిమిషాలు ఆగండి, ఎందుకంటే వెనక్కి వచ్చే అధికారిక దారి లేదు. ముందు కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. వైఫై డాంగిల్, బ్లూటూత్ డాంగిల్ లాంటివి నాస్ యూఎస్‌బీ పోర్ట్‌కి పెట్టి వాడుతుంటే డీఎస్ఎమ్ 7లో వాటికి సపోర్ట్ తీసేశారు. బయటివాళ్లు తయారుచేసిన ప్యాకేజీల పాత వెర్షన్లు చాలావరకు డీఎస్ఎమ్ 7లో నడవవు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ముందే తేల్చుకోండి. మీ ఇప్పటి వెర్షన్ నుంచి నేరుగా వెళ్లొచ్చా, మధ్యలో ఏ వెర్షన్ వేయాలి అనేది సైనాలజీ డౌన్‌లోడ్ సెంటర్‌లో మీ మోడల్ సెలెక్ట్ చేస్తే వరసగా చూపిస్తుంది. నేను ఆ మెట్లు ఒక్కోటి ఎక్కి 7.2కి చేరా. ఒక్కో మెట్టుకి పావుగంట, ఇరవై నిమిషాలు.

మీరు వీడియో స్టేషన్ వాడుతుంటే 7.2.2కి వెళ్లేముందు మళ్లీ ఆలోచించండి. 2024లో వచ్చిన ఆ వెర్షన్‌తో వీడియో స్టేషన్‌నే తీసేశారు. మాకు ఇబ్బంది లేదు. 512 ఎంబీ ర్యామ్ ఉన్న ఈ బాక్స్ వీడియో కన్వర్ట్ చెయ్యడం ఎలాగూ అయ్యే పని కాదు, టీవీలో వీఎల్‌సీ వేసుకుని నేరుగా నాస్ నుంచి ప్లే చేస్తాం.

మాకు తగిలింది ఫొటోల దగ్గర. మూమెంట్స్, ఫొటో స్టేషన్ రెండూ పోయి వాటి స్థానంలో సైనాలజీ ఫొటోస్ వచ్చింది. అందరి ఫోన్లలో కొత్త యాప్ వేసి, లాగిన్ చేసి, ఆటో బ్యాకప్ మళ్లీ ఆన్ చెయ్యాలి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, ఒక్కొక్కరి హోమ్‌లో "ఫొటోస్" ఫోల్డర్‌లోకి మారాయి. కానీ వాటన్నింటినీ మళ్లీ ఇండెక్స్ చేయడానికి ఆ పాత డ్యూయల్ కోర్ ప్రాసెసర్‌కి మూడు రోజులు పైనే పట్టింది. ఆ మూడు రోజులూ పేజీ తెరవాలంటే ఓపిక కావాలి. మొదటి రోజు అమ్మ యాప్ తెరిస్తే సగం ఫొటోలు బూడిద రంగు గళ్లలా కనిపించాయి. "పోయాయా?" అంది. పోలేదు, థంబ్‌నెయిల్స్ ఇంకా తయారవుతున్నాయి అని ల్యాప్‌టాప్‌లో ఫైల్ స్టేషన్ తెరిచి అమ్మమ్మ వీడియో ప్లే చేసి చూపించాక గానీ నమ్మలేదు. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.

ఇంకో ముందుజాగ్రత్త. అప్‌డేట్ అయ్యాక బ్యాకప్ టాస్క్ మళ్లీ తెరిచి ఫోల్డర్ల లిస్ట్ చూసుకోండి. నేనైతే ఈసారి హోమ్స్ పక్కన టిక్ ఉందో లేదో రెండుసార్లు చూశా.

ఇంత చేసినా ఈ బాక్స్ కొత్తది అయిపోలేదు. ర్యామ్ పెంచలేం. బీటీఆర్ఎఫ్ఎస్ లేదు కాబట్టి స్నాప్‌షాట్‌లు తీసుకోలేం. ర్యాన్సమ్‌వేర్ వస్తే కాపాడేది కేబుల్ పీకి బీరువాలో పెట్టిన ఆ యూఎస్‌బీ డిస్కే. మీరు నాస్ మీద డాకర్, వర్చువల్ మెషీన్ లాంటివి నడపాలనుకుంటే ఈ క్లాస్ బాక్స్ మీద డిస్క్‌లకి డబ్బులు పెట్టకండి, కొత్త బాక్స్ కొనండి. కొత్త డిస్క్‌లు కొత్త బాక్స్‌లోకి ఎలాగూ పనికొస్తాయి. ఫొటోలు దాచుకోవడం, టీవీలో సినిమా చూడటం మాత్రమే అయితే ఇంకో మూడు నాలుగేళ్లు దీనితో నెట్టుకురావొచ్చని నా నమ్మకం.

ఆరోగ్యంగా ఉన్న పాత డిస్క్ మీద తేదీ రాసిన స్టిక్కర్ అంటించి మా పిన్నీ వాళ్లింట్లో పెట్టి వచ్చా. జబ్బుపడిన దాన్ని పూర్తిగా ఎరేజ్ చేద్దామని మూడుసార్లు ప్రయత్నించా, ప్రతిసారీ సగంలో ఆగిపోతోంది. అందులో మా ఇంటి ఆధార్ కాపీల నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ల దాకా అన్నీ ఉన్నాయి కాబట్టి పాత సామాన్లవాడికి ఇవ్వలేను. వచ్చే ఆదివారం పక్కింటి అన్న దగ్గర డ్రిల్లింగ్ మెషీన్ అడిగి తెచ్చుకోవాలి.